మత్తు మానేశాక మళ్లీ పాటలోకి: వాద్యకారులకు, గాయకులకు, వాళ్ల ఇంటివాళ్లకు

మద్యం గానీ, గంజాయి గానీ, మత్తుమాత్రలు గానీ మానేసిన సంగీతకారుడికి అసలు పరీక్ష ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక మొదలవుతుంది. ఆఫీసు ఉద్యోగి తిరిగి వెళ్లే చోట మందు సీసా ఉండదు. ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయించేవాడికి అది పనిలో భాగంలా ఎదురవుతుంది. రాత్రి పదకొండుకు స్టేజీ దిగుతాడు, ఒంటిగంటకు సామాను సర్దుతాడు. అప్పటికి కడుపు కాలుతుంటుంది, చేతిలో నగదు పడుతుంది, పెళ్లివారి తరఫున ఎవరో ఒకరు ప్రేమగానే "రా అన్నా, ఒక్క పెగ్గు" అంటారు. పేరొచ్చిన గాయకుడి పరిస్థితి ఇంకా కష్టం. ఆయనకు వద్దని చెప్పే మనిషి చుట్టుపక్కల కనిపించడు. ఉన్నవాళ్లందరి జీతాలూ ఆయన రేపటి ప్రోగ్రాం మీదే నడుస్తుంటాయి.

అందుకే తిరిగి రావడానికి ఒక వరస పెట్టుకోవాలి. ముందు ఒళ్లు, తర్వాత చెయ్యి లేదా గొంతు, తర్వాత సొంత గదిలో పాట, అన్నిటికన్నా చివర స్టేజీ. డబ్బు అవసరంతో చాలామంది ఈ వరసను తిరగేసి ముందు స్టేజీ ఎక్కుతారు. అక్కడే దెబ్బ తింటారు.

మొదటి వారం: ఇంట్లో ఒంటరిగా వద్దు

రోజూ తాగేవాడు, అందులోనూ పొద్దున్నే చేతి వణుకు తగ్గడానికి తాగాల్సి వచ్చేవాడు, ఒక్కసారిగా మానేస్తే ప్రాణానికి ముప్పు. చివరి గుక్క తర్వాత 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమట, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా 6 నుంచి 48 గంటల మధ్య వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు కొందరికి మతి చెదురుతుంది: లేని మనుషులు కనిపిస్తారు, ఉన్న చోటు తెలియదు, జ్వరం వస్తుంది. దీనికి వైద్యం అందకపోతే చనిపోవచ్చు. ఇంతకుముందు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినవాళ్లు, లివర్ లేదా గుండె జబ్బు ఉన్నవాళ్లు ఆసుపత్రిలో చేరి మానాల్సిందే.

ఆసుపత్రిలో క్లోర్‌డయాజెపాక్సైడ్, డయాజెపామ్ లాంటి మాత్రలు మొదట ఎక్కువ మోతాదులో ఇచ్చి, వారం పది రోజుల్లో తగ్గించుకుంటూ వచ్చి ఆపేస్తారు. లివర్ బాగా దెబ్బతిని ఉంటే లొరాజెపామ్ వైపు వెళ్తారు. ఇవి ఇంటికి తెచ్చుకుని వాడుకునే మాత్రలు కావు. నెలలు వాడితే వాటికే అలవాటు పడతారు.

మన ఊళ్లలో జరిగే ఒక పొరపాటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మానేసిన మనిషి నీరసంగా ఉన్నాడని ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లి గ్లూకోజ్ సీసా ఎక్కిస్తారు. ఏళ్ల తరబడి తాగినవాడి ఒంట్లో థయమిన్, అంటే విటమిన్ బి1, దాదాపు ఖాళీ అయిపోయి ఉంటుంది. గ్లూకోజ్‌ను వాడుకోవడానికి ఒంటికి అదే కావాలి. ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతిని, చూపు, నడక, జ్ఞాపకం పోయే ప్రమాదం ఉంది. జ్ఞాపకం పోతే సంగీతకారుడికి రాగాలూ పోతాయి. కాబట్టి ఏ ఆసుపత్రికి వెళ్లినా మొదటి మాటగా "ఈయన రోజూ తాగేవాడు, ఫలానా రోజు మానేశాడు" అని చెప్పండి. పరువు కోసం దాచొద్దు.

నిద్రమాత్రలు, ఆందోళనకు ఇచ్చే అల్ప్రాజోలామ్ ఏళ్లుగా వాడినవాళ్లకు కూడా ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. ట్రామడాల్ అనే నొప్పిమాత్ర, హెరాయిన్ లాంటివి మానేటప్పుడు ఒళ్లునొప్పులు, విరేచనాలు నరకంలా ఉన్నా ప్రాణం పోవడం అరుదు. వాటి ప్రమాదం తర్వాత వస్తుంది. మానేసిన కొన్ని వారాలకే ఒంటికి ఓర్చుకునే శక్తి పడిపోతుంది. పాత మోతాదే మళ్లీ తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. ఈ విషయం మానేసిన మనిషికీ, ఇంట్లోవాళ్లకీ ఇద్దరికీ తెలిసి ఉండాలి.

సెంటర్ ఎంచుకునేటప్పుడు

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల, బెంగళూరులో నిమ్హాన్స్ వ్యసన చికిత్స విభాగం ప్రభుత్వ సంస్థలు. ఎక్కడికి వెళ్లాలో తేలకపోతే 14446 కి ఫోన్ చేయండి. అది వ్యసన విముక్తి కోసం పెట్టిన ఉచిత జాతీయ నంబరు. దిగులు, ఆత్మహత్య ఆలోచనలు ఉంటే టెలి మానస్ 14416 కి చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు.

ప్రైవేటు సెంటర్ అయితే రాష్ట్ర మానసిక ఆరోగ్య సంస్థ దగ్గర నమోదైందా, సైకియాట్రిస్ట్ వారంలో ఎన్నిసార్లు వస్తారు, రాత్రి ఫిట్స్ వస్తే ఏం చేస్తారు, ఇంటివాళ్లు కలవొచ్చా అని ముందే అడగాలి. గొలుసులతో కట్టేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. కొట్టి మాన్పిస్తాం అనే చోటు నుంచి వెనక్కి వచ్చేయండి. శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది. చేరేముందే పాలసీ కాగితం పట్టుకుని బీమా కంపెనీతో మాట్లాడండి.

వాయిద్యం తెచ్చుకోనిస్తారా అని కూడా అడగండి. చాలా చోట్ల మొదటి వారం ఒప్పుకోరు, అది సబబే. రెండో వారం నుంచి రోజుకు అరగంట అడిగి చూడొచ్చు. కుదరకపోతే చేత్తో తాళం వేసుకుంటూ నోటితో జతులు చెప్పుకోవడం చాలు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇంటికొచ్చాక మాత్రలు, ఆ రహస్యపు పొడి

తాగాలన్న యావ తగ్గించడానికి డాక్టర్ సాధారణంగా నాల్‌ట్రెక్సోన్ 50 మిల్లీగ్రాములు రోజుకొకటి గానీ, అకాంప్రోసేట్ గానీ రాస్తారు. మొదటిదానికి లివర్ పరీక్ష, రెండోదానికి కిడ్నీ పరీక్ష కావాలి. నాల్‌ట్రెక్సోన్ వాడేవాళ్లకు మార్ఫిన్ జాతి నొప్పిమందులు పనిచేయవు. రాత్రిళ్లు వ్యానుల్లో తిరిగే వృత్తి కాబట్టి, ప్రమాదం జరిగితే డాక్టర్లకు తెలిసేలా "నాల్‌ట్రెక్సోన్ వాడుతున్నాను" అని రాసిన చీటీ పర్సులో పెట్టుకోవాలి.

డైసల్ఫిరామ్ వేరే రకం. అది వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె ఆగిపోవచ్చు కూడా. చివరి మాత్ర వేసుకున్నాక రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. ఇది తెలిసి, ఒప్పుకుని వేసుకునేవాళ్లకే పనికొస్తుంది. పప్పులోనో కాఫీలోనో కలిపి తెలియకుండా పెట్టేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. "తాగుడు మాన్పించే పొడి" అని ప్రకటనలతో అమ్మే వాటిలో ఏముందో కొన్నవాళ్లకే తెలియదు. భర్త మీద ప్రేమతో చేసినా అది ప్రాణం తీయగలదు, చేయకండి. తెలిసి వాడేవాళ్లు కూడా దగ్గు సిరప్పులు, మౌత్‌వాష్, ఆల్కహాల్‌లో కలిపిన హోమియో చుక్కలు, షేవింగ్ లోషన్లు చూసి వాడాలి. గొంతు బాలేదని ప్రోగ్రాంకు ముందు దగ్గు సిరప్ తాగడం గాయకులకు మామూలు కాబట్టి ఈ జాగ్రత్త వాళ్లకు మరీ ముఖ్యం.

మూడు నెలలు: జీతం వేరేచోట, సాధన ఇంట్లో

శాక్సఫోన్ విద్వాంసుడు సోనీ రాలిన్స్ 1955లో అమెరికాలోని లెక్సింగ్టన్ ఆసుపత్రిలో హెరాయిన్ మానేశాడు. అప్పటికే జాజ్ లోకంలో ఆయనకు పేరుంది. బయటికొచ్చి నేరుగా క్లబ్బులకు వెళ్లలేదు. షికాగోలో గదులు తుడిచే పని చేసుకుంటూ విడిగా సాధన చేసుకున్నాడు. పాత స్నేహితులు, పాత క్లబ్బులు ఎంత బలంగా లాగుతాయో తెలిసే అలా చేశాడు. ఆ ఏడాది చివరికి మ్యాక్స్ రోచ్, క్లిఫర్డ్ బ్రౌన్‌ల బృందంలో చేరాడు. అంత పేరున్నవాడు చీపురు పట్టుకోవడానికి సిగ్గుపడలేదు. ఈ మొత్తం విషయంలో నేర్చుకోవాల్సింది ఏదైనా ఉందంటే అదే.

మన దగ్గర ఆ మూడు నెలలకు పనికొచ్చే పనులు: పొద్దున, సాయంత్రం పిల్లలకు పాఠాలు, పాటలకు నొటేషన్ రాసివ్వడం, ఇంట్లో కూర్చుని ట్రాక్ ప్రోగ్రామింగ్ లేదా ఎడిటింగ్, గుడిలో పగటి భజన, చర్చి కాయిర్‌కు రిహార్సల్, వాయిద్యాల మరమ్మతు. వదులుకోవాల్సినవి: పబ్, బరాత్, సంగీత్ రాత్రి, డిసెంబరు 31. సీజన్ పోతుందన్న బాధ నిజమే. ముఖ్యంగా మాఘం, ఫాల్గుణం ముహూర్తాల్లో ఫోన్ ఆగకుండా మోగుతుంది. ఆ ఫోన్ కొన్నాళ్లు ఇంట్లో ఇంకొకరు ఎత్తితే మేలు. పేరున్న గాయకుడికైతే మేనేజరు ఎత్తుతాడు కదా అనుకోవద్దు. ఆయన కమీషన్ కూడా ఆ ఫోన్ల మీదే ఉంటుంది.

తాగుడు మానేసినవాళ్లు ఒకరికొకరు తోడుగా నడుపుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు ఈ 90 రోజులూ రోజుకొకటి చొప్పున వెళ్లడం పాత సంప్రదాయం. డబ్బు అడగరు, పేరు అడగరు. ఊళ్లో లేకపోతే ఆన్‌లైన్ సమావేశాలున్నాయి. సాయంత్రం ఆరేడు గంటలు, అంటే మునుపు గ్లాసు పట్టుకునే వేళ, అక్కడ గడిచిపోతుంది. నిజానికి దాని విలువలో సగం అందులోనే ఉంది.

చెయ్యి తిరిగి రావడం

వణుకు సంగతి ముందు చూడాలి. మానేసిన రెండు వారాల తర్వాత కూడా చెయ్యి వణుకుతుంటే అది మానేయడం వల్ల వచ్చిన వణుకు కాకపోవచ్చు. కుటుంబంలో నడిచే ఒక రకం వణుకు ఉంది. మద్యం దాన్ని కాసేపు అణిచిపెడుతుంది, మానగానే బయటపడుతుంది. "తాగితేనే నా చెయ్యి నిలుస్తుంది" అనే వాద్యకారుల్లో కొందరికి అసలు ఉన్నది ఇదే. దానికి వేరే మందులున్నాయి, న్యూరాలజిస్టును కలవాలి. మానసిక జబ్బులకు ఇచ్చే లిథియం, వాల్‌ప్రోయేట్ వాడేవాళ్లకు ఆ మాత్రల వల్లే చెయ్యి వణకొచ్చు. డాక్టర్‌కు చెబితే మోతాదు మారుస్తారు. సొంతంగా ఆపకూడదు.

వేళ్ల కొసలు, అరికాళ్లు తిమ్మిరెక్కి మండుతుంటే నరాలు దెబ్బతిన్నట్టు. బి1, బి12 చూపించుకోవాలి. నరం నెలల తరబడి నెమ్మదిగా కోలుకుంటుంది, తొందరపెట్టలేం. మత్తులో చేయి మీద పడి నిద్రపోయి లేచేసరికి మణికట్టు వాలిపోవడం ఇంకొకటి. అది ఎక్కువమందిలో కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో తగ్గుతుంది. ఆలోపు ఫిజియోథెరపిస్టు ఇచ్చిన పట్టీ వేసుకోవాలి. వాలిన మణికట్టుతో మృదంగం గానీ తబలా గానీ వాయించొద్దు.

సాధన కొలత ఇలా పెట్టుకోండి. మొదటి రెండు వారాలు రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి 10 నిమిషాలు, మధ్యలో కనీసం గంట విరామం. మూడో వారం నుంచి 15 నిమిషాలు మూడుసార్లు. అయిదో వారం నుంచి 25 నిమిషాలు రెండుసార్లు. ఎనిమిదో వారానికి 45 నిమిషాలు రెండుసార్లు. నొప్పి మర్నాడు పొద్దుటికి తగ్గకపోతే ఒక మెట్టు కిందికి దిగాలి. మానేసిన ఉత్సాహంలో మొదటి రోజే నాలుగు గంటలు వాయించి, స్నాయువు వాచి, నెల రోజులు చేతులు ముడుచుకుని కూర్చునేవాళ్లున్నారు. ఆ ఖాళీ నెల చాలా ప్రమాదకరం.

వాయిద్యాన్ని కూడా బాగుచేయించాలి. గిటార్‌కు పాత తీగలు తీసేసి 9 లేదా 10 నంబరు సన్నని సెట్ వేయించండి. వేళ్ల కొసల్లో గట్టి చర్మం తిరిగి రావడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఆలోపు నీళ్లలో నానిన వేళ్లతో, అంటే స్నానం అయిన వెంటనే, వాయిస్తే చర్మం లేచిపోతుంది. వయొలిన్ వాళ్లకు వణుకు ముందు విల్లు చేతిలో బయటపడుతుంది. ఎడమచేయి లేకుండా ఖాళీ తీగల మీద, ఒక్కో విల్లు 8 సెకన్లు సాగేలా, పది నిమిషాలు అదే పని చేయండి. వణుకును దాచడానికి విల్లును నొక్కితే నాదం గీరుకుపోతుంది, భుజం పట్టేస్తుంది. నాదస్వరం, శాక్సఫోన్ లాంటి ఊదే వాద్యాల వాళ్లు మొదలుపెట్టే ముందు బీపీ చూపించుకోవాలి. మానేసిన తొలి వారాల్లో అది ఎక్కువగా ఉండటం మామూలే.

ఇక పాటలు మర్చిపోవడం. మత్తులో నేర్చుకున్నది మత్తులోనే బాగా గుర్తొస్తుందని మనస్తత్వ శాస్త్రంలో ఎప్పుడో తేలింది. కాబట్టి ఇరవై ఏళ్లుగా వాయిస్తున్న పాట మధ్యలో చరణం దగ్గర చెయ్యి ఆగిపోతే విద్య పోయిందని బెంబేలు పడొద్దు. ఆ పాటను మెలకువలో మళ్లీ నేర్చుకోవాలి. మెట్రోనోమ్ (లయ కొట్టే యంత్రం) నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి, తప్పు లేకుండా వరసగా మూడుసార్లు వస్తే 4 పెంచండి. వరసగా రెండుసార్లు తడబడితే 8 తగ్గించండి. వారానికి రెండు మూడు పాటలకు మించొద్దు. కర్ణాటక పద్ధతిలో నేర్చుకున్నవాళ్లకు దీనికి సిద్ధంగా ఉన్న దారి, పిల్లలకు మొదట నేర్పే సరళీ వరసలు. మాయామాళవగౌళ రాగంలో, మూడు కాలాల్లో, మళ్లీ మొదటి నుంచి. పెద్ద విద్వాంసులకు ఇది చిన్నతనంగా అనిపిస్తుంది గానీ, చేతికి అంతకన్నా మంచి మందు లేదు.

గొంతు

మద్యం, పొగ, ఆలస్యపు భోజనం కలిసి కడుపులో ఆమ్లాన్ని గొంతు దాకా తెస్తాయి. పాడే ముందు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర కెమెరాతో స్వరతంత్రులు చూపించుకోండి. బొంగురు మూడు వారాలు దాటితే, పొగ తాగినవాళ్లయితే మరీ, ఈ పరీక్ష వాయిదా వేయకూడదు.

మొదటి పదిహేను రోజులు పాట వద్దు. గ్లాసు నీళ్లలో స్ట్రాను రెండు మూడు సెంటీమీటర్లు ముంచి, బుడగలు వచ్చేలా "ఊ" అంటూ మంద్ర స్థాయి నుంచి మధ్య స్థాయికీ తిరిగి కిందికీ జారండి. ఒక్కోసారి 3 నిమిషాలు, రోజుకు అయిదుసార్లు. తర్వాత అకార సాధన, మునుపటి శ్రుతికన్నా ఒక శ్రుతి తగ్గించి. నెల తర్వాత అర శ్రుతి పెంచి చూడండి. గొంతు సవరించుకోవడం, గుసగుసగా మాట్లాడటం రెండూ తంత్రులను రాపాడిస్తాయి. దాని బదులు ఒక గుక్క నీళ్లు తాగండి. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు ఉండాలి. తీపి మీద యావ పెరుగుతుంది, అది సహజం. దాన్ని కాఫీలతో తీర్చుకుంటే నిద్ర పోతుంది, నిద్ర పోతే మళ్లీ మందు గుర్తొస్తుంది.

ట్యూన్ రావడం లేదని

ఇదే చాలామందిని వెనక్కి లాగే భయం. ఒక రౌండ్ పడితే గానీ బాణీ కదలదు అనుకుంటారు. జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ వాయించే తీరు చూసి న్యూయార్క్‌లో ఒక తరం కుర్రవాళ్లు హెరాయిన్ పట్టారు, అదే విద్య ఇస్తుందని. మత్తులో బాగా వాయిస్తానని చెప్పేవాడు అబద్ధాలకోరు అని పార్కరే బాహాటంగా అన్నాడు. 1955లో 34 ఏళ్లకే చనిపోయాడు. ఇంకో శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కాల్ట్రేన్ కథ వేరేవైపు తిరిగింది. 1957లో ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ తన బృందం నుంచి తీసేశాక ఫిలడెల్ఫియాలో ఇంట్లోనే ఉండి హెరాయిన్, మద్యం మానేశాడు. ఈనాడు ఆయన్ని తలచుకునే సంగీతంలో ఎక్కువ భాగం ఆ తర్వాతి పదేళ్లది. ఆయన ఇంట్లో ఉండి మానేయగలిగాడని ఎవరూ అదే ప్రయత్నం చేయొద్దు. అమెరికా గాయని బోనీ రెయిట్ 1987లో తాగుడు మానేసింది. 1989లో వచ్చిన ఆల్బమ్‌కు మరుసటి ఏడాది గ్రామీ ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ వచ్చింది. మధ్యలో రెండేళ్లున్నాయని గమనించాలి.

మానేసిన తొలి నెలల్లో ఏ సంగీతం విన్నా చప్పగా ఉంటుంది. మెదడులో ఆనందం కలిగించే వ్యవస్థ ఇన్నేళ్లూ మత్తుకు అలవాటు పడి ఉంది, తిరిగి సర్దుకోవడానికి నెలలు పడుతుంది. ఈ కాలంలో మీ బాణీల మీద మీరిచ్చే తీర్పు చెల్లదు. అందుకని రోజూ పొద్దున ఒకే వేళకు 45 నిమిషాలు కూర్చోండి. నచ్చినా నచ్చకపోయినా 8 బార్ల (ఆవర్తాల) బాణీ కట్టి ఫోన్‌లో రికార్డు చేసి, తేదీ పేరుగా పెట్టి వదిలేయండి. ఆదివారం దాకా వినొద్దు. 90 రోజులు ఏదీ చెరిపేయొద్దు. మునుపు తాగుతూ కట్టిన గదే అయితే బల్ల ఇటుది అటు జరపండి, దీపం మార్చండి, ఆ గ్లాసులు, యాష్‌ట్రే బయట పారేయండి. యావను లేపే గుర్తుల్లో వస్తువులూ వాసనలూ మొదటివి.

ఈ చప్పదనం మూడు నాలుగు నెలలు దాటినా తగ్గకపోతే, ఆకలి నిద్ర లేకపోతే, అది డిప్రెషన్ కావచ్చు. దానికి వైద్యం వేరే ఉంది.

స్టూడియో వేళలు

అమెరికా రాక్ బ్యాండ్ మెటాలికా గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ 2001లో చికిత్సకు వెళ్లి, 2002లో ఆల్బమ్ పనికి తిరిగొచ్చినప్పుడు మధ్యాహ్నం 12 నుంచి 4 వరకే పని చేస్తానని షరతు పెట్టాడు. బృందంలో గొడవైంది, అయినా ఆల్బమ్ 2003లో బయటికి వచ్చింది. అంత పెద్ద బ్యాండ్ నాలుగు గంటల్లో పని చేయగలిగితే మన ట్రాక్ రికార్డింగూ ఆ వేళలో అవుతుంది. సంగీత దర్శకుడితో ముందే చెప్పండి: పగటి పూట సెషన్, నాలుగు గంటలు, మధ్యలో భోజనం. రాత్రి పదింటికి పిలిస్తే మర్నాడు వస్తానని చెప్పండి. కొన్ని అవకాశాలు పోతాయి. పోయినవి ఎక్కువగా రాత్రి సిట్టింగుల అవకాశాలే అయి ఉంటాయి.

మొదటి స్టేజీ

మెట్లుగా వెళ్లండి. ఇంట్లో ముగ్గురి ముందు అరగంట. తర్వాత గుడిలోనో, బళ్లోనో, చర్చిలోనో పగటి పూట 20 నిమిషాలు. తర్వాత ఇంకొకరి ప్రోగ్రాంలో మూడు నాలుగు పాటలు. తర్వాత సొంత ఊళ్లో పూర్తి ప్రోగ్రాం. రాత్రి బయటి ఊళ్లో ఉండాల్సినది చివర. ఒక్కో మెట్టు రెండుసార్లు ప్రశాంతంగా గడిస్తేనే పై మెట్టు.

ఒప్పుకునేటప్పుడే ఆర్గనైజరుకు వాట్సాప్‌లో రాసి పెట్టండి, నోటిమాట నిలవదు. ఇలా రాయొచ్చు: "నమస్తే అండీ. స్టేజీ వెనక మా గదిలో మద్యం పెట్టకండి. మాకు భోజనం ప్రోగ్రాంకు రెండు గంటల ముందే ఇప్పించండి. మిగతా డబ్బు మర్నాడు బ్యాంకు ఖాతాకు పంపండి. ప్రోగ్రాం అయిన అరగంటలో బయల్దేరతాం." ఆ మూడో మాట చాలా ముఖ్యం. అర్ధరాత్రి జేబులో ఇరవై వేలు నగదు ఉన్న మనిషికీ, ఖాళీ జేబున్న మనిషికీ ఇంటిదారి ఒకటి కాదు. ఖాతా భార్య పేరునో అమ్మ పేరునో ఉంటే ఇంకా మంచిది, కొన్నాళ్లపాటు.

వెళ్లేటప్పుడు తాగని మనిషి ఒకరు వెంట ఉండాలి, సొంత బండి ఉండాలి. బృందం వ్యాన్‌లో వెనక సీట్లో సీసా తెరుచుకుంటే నడిరోడ్డు మీద దిగలేరు. హోటల్ గదిలో ఫ్రిజ్ ఖాళీ చేయించమని చేరకముందే ఫోన్ చేయండి. జేబులో వేరుశనగ చిక్కీ, రెండు అరటిపళ్లు ఉంచుకోండి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట: యావ వచ్చినప్పుడు ఈ నాలుగింటిలో ఏది ఉందో చూసి ముందు దాన్ని తీర్చండి. యావ ఎక్కువసార్లు పావుగంట, అరగంటలో పెరిగి తగ్గిపోతుంది. ఆ అరగంటకు చోటు మారడం, ఫోన్ చేయడం చాలు.

ఇచ్చినప్పుడు చెప్పే మాట చిన్నదిగా ఉండాలి: "నేను మానేశాను బాబాయ్. భోజనం ఎక్కడ?" "ఇవాళ వద్దులే" అనకండి, రేపటికి అడగడానికి దారి ఇచ్చినట్టవుతుంది. చేతిలో సొంత నీళ్లసీసా, మూత మీరే తీసినది, ఎప్పుడూ ఉండాలి. చేయి ఖాళీగా కనిపిస్తే ఎవరో ఒకరు గ్లాసు పెడతారు. అమెరికాలో తెలుగు సంఘాల వేడుకలకు వెళ్లేవాళ్లు బాంక్వెట్ రాత్రి బార్ ఉన్న హాల్లో పాడాల్సి రావచ్చు. పాట అవగానే గదికి వెళ్లిపోతానని ఆహ్వానం ఒప్పుకునేటప్పుడే చెప్పండి. అక్కడుండే సంగీతకారులకు గ్రామీలు ఇచ్చే రికార్డింగ్ అకాడమీ 1989లో పెట్టిన మ్యూజీకేర్స్ సంస్థ చికిత్సకు సాయం చేస్తుంది.

స్టేజీ భయం మునుపటికన్నా ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే ఇన్నేళ్లూ దాన్ని మత్తుతో కప్పేశారు. ఎక్కేముందు అయిదు నిమిషాలు నాలుగు అంకెలు లోపలికి, ఆరు నుంచి ఎనిమిది అంకెలు బయటికి ఊపిరి వదలండి. మొదటి పాట నిద్రలో కూడా వచ్చేది, మధ్యలయలో ఉండేది పెట్టుకోండి. గుండెదడ, చేతి వణుకు మరీ ఉంటే ప్రొప్రనలాల్ గురించి డాక్టర్‌ను అడగొచ్చు. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది పనికిరాదు. ఎవరికైనా మొదటి మాత్ర ప్రోగ్రాం రోజు కాకుండా ఇంట్లో వేసుకుని చూడాలి. తోటి వాద్యకారుడు ఇచ్చే అల్ప్రాజోలామ్ మాత్రం తీసుకోవద్దు. అది మద్యం పనిచేసే చోటే పనిచేస్తుంది, అదే దారిలోకి తీసుకెళ్తుంది.

ఇంటివాళ్లు

అలిగి వాయిద్యాన్ని బీరువాలో పెట్టి తాళం వేయకండి. అతన్ని ఇంట్లో కూర్చోబెట్టే వస్తువు అదొక్కటే. తాకట్టులో ఉన్న వాయిద్యాలు నాలుగుంటే, పనికి వాడేదాన్ని ముందు విడిపించండి, మిగతావి ఆగుతాయి. రోజూ నోరు వాసన చూడటం బదులు, వారానికి ఒక రోజు కూర్చుని "ఈ వారం ఎక్కడ కష్టమైంది" అని ఇద్దరూ ఒప్పుకున్న ఒకే ప్రశ్న అడగండి. ప్రోగ్రాం నుంచి రాత్రి ఏ వేళకు వచ్చినా వేడి అన్నం ఉండాలి. కుటుంబాల కోసం అల్-అనాన్ సమావేశాలు విడిగా ఉన్నాయి, అతను మానినా మానకపోయినా మీరు వెళ్లొచ్చు.

మళ్లీ తాగితే

బ్రిటిష్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ 1982లో అమెరికాలో మినెసోటాలోని హేజెల్‌డెన్ కేంద్రంలో చికిత్స తీసుకుని, మళ్లీ తాగి, 1987లో అక్కడికే రెండోసారి వెళ్లాడు. ఆ రెండోసారి నిలిచింది. 1998లో ఆంటిగ్వా ద్వీపంలో చికిత్సాలయం తెరిచాడు. మరుసటి ఏడాది దాని కోసం తన గిటార్లలో వంద వేలం వేశాడు. రెండోసారి వెళ్లడం చికిత్సలో భాగమే, విఫలమైనట్టు కాదు.

ఒక్క రాత్రి తాగి ఉంటే ఆ రాత్రే ఒకరికి ఫోన్ చేసి చెప్పండి, మర్నాడు డాక్టర్‌ను కలవండి. తాగడానికి ముందు ఆరు గంటలు ఎక్కడున్నారు, ఏం తిన్నారు, ఎవరు పక్కన ఉన్నారు, ఎంత డబ్బు ఉంది అని కాగితం మీద రాయండి. మార్చాల్సింది అందులో దొరుకుతుంది. రాబోయే వారం ప్రోగ్రాంలు రద్దు చేయండి. ఆర్గనైజరుకు "ఒంట్లో బాలేదు, డాక్టర్ విశ్రాంతి చెప్పారు" అంటే చాలు, అది నిజమే. అడ్వాన్సు అదే రోజు తిరిగి పంపండి, బదులుగా వెళ్లే మనిషి పేరు మీరే చెప్పండి. అలా చేస్తే మార్కెట్‌లో మాట పోదు.

వరసగా కొన్ని రోజులు తాగి ఉంటే మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు. మళ్లీ మొదటి వారం లెక్కే: ఆసుపత్రి, ముందు థయమిన్, తర్వాతే గ్లూకోజ్. మానేసింది హెరాయిన్ లాంటిదైతే, మళ్లీ తీసుకున్న మనిషిని ఒంటరిగా వదలకండి. ఊపిరి నెమ్మదించి, పెదాలు నీలమైతే 108 కి ఫోన్ చేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, అంబులెన్స్ వచ్చేదాకా దగ్గరే కూర్చోండి. ఏం తీసుకున్నాడో వచ్చినవాళ్లకు దాచకుండా చెప్పండి.